ఓడలు, రేవుల సైబర్ భద్రత: గోపాలపూర్ తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, గోపాలపూర్ ప్రాంతాల్లో ఓడల మీద, రేవులో, ఏజెంటు ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. రూల్సేమో ఇంగ్లీషులో గోడకు అంటించి ఉంటాయి, గేటు దగ్గర మాట్లాడుకునేది ఒడియా, తెలుగు, హిందీ. అందుకే చేతిపనికి అక్కరకొచ్చేలా తెలుగులో రాశాం. కంప్యూటరు మాటలకు కొత్త తెలుగు పుట్టించలేదు. డెక్కు మీద ఎలా అంటారో అలాగే ఉంచాం.

ఓడ నడిసముద్రంలో ఉంటుంది కదా, దాన్ని ఎవడు ఎలా హ్యాక్ చేస్తాడు?

ఓడలో ఇంటర్నెట్ అంటే కెప్టెన్ రోజుకోసారి ఈమెయిల్ దించుకోవడమే అయిన రోజుల్లో ఈ ప్రశ్న సబబే. ఇప్పుడు వీశాట్ (ఉపగ్రహ ఇంటర్నెట్) డిష్ మీద ఇరవై నాలుగు గంటలూ లైను ఉంటుంది. ఇంజిన్ కంపెనీ ఒడ్డున కూర్చుని సిలిండర్ ఉష్ణోగ్రతలు చూసుకుంటుంది.

పైగా ఎవడో మీ ఓడనే వెతుక్కుంటూ రానక్కర్లేదు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ ఉక్రెయిన్‌లో వాడే ఒక అకౌంట్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరింది. మేర్స్క్ అనే ఓడల కంపెనీ ఎవరి గురీ కాదు, దారిలో దొరికింది, అంతే. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని కంపెనీయే చెప్పుకుంది. ముంబయి పక్కన జేఎన్‌పీటీ రేవులో వాళ్ల టెర్మినల్ కూడా నిలిచిపోయింది. ఓడలు మాత్రం మామూలుగానే నడిచాయి. ఆగింది ఒడ్డున: బుకింగులు, గేట్లు, ఏ పెట్టె ఎక్కడుందో చెప్పే జాబితాలు.

ఓడ మీద ముందుగా కాపాడాల్సినవి ఏవి?

ఓడ కంప్యూటర్లను రెండు రకాలుగా చూడండి. ఒక రకం కాగితం పని చేస్తుంది: మెయిల్, జీతాలు, స్టోర్సు ఇండెంట్లు. రెండోది ఇనుమును కదిలిస్తుంది, లేదా కదిలించేవాడికి దారి చూపిస్తుంది: ఎక్డిస్ (సముద్రపు పటాలను, అంటే చార్టులను, తెర మీద చూపే యంత్రం), జీపీఎస్, స్టీరింగ్, ఇంజిన్ కంట్రోల్, బ్యాలాస్ట్ (ఓడను నిలకడగా ఉంచే నీటి) పంపులు, లోడింగ్ కంప్యూటర్. మొదటిది పోతే పని ఆగుతుంది. రెండోది పోతే ఓడ ఇసుకలోకి ఎక్కుతుంది.

మన వైపు బల్క్ ఓడలు ఎక్కువ కాబట్టి లోడింగ్ కంప్యూటర్ గురించి ఒక మాట. ఇనుప ఖనిజం బరువైన సరుకు, హోల్డ్ సగం కూడా నిండకుండానే టన్నులు నిండిపోతాయి. ఏ హోల్డ్‌లో ఎంత, ఏ వరుసలో పోయాలన్న లెక్క తప్పితే ఓడ నడుం మీద భారం పడుతుంది. అంకెలు మారాయో లేదో పట్టుకునే సాధనం పాతదే, డ్రాఫ్ట్ సర్వే, అంటే ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో చూడడం. ముందు, మధ్య, వెనక, రెండు వైపులా కలిపి ఆరు చోట్ల నీటి గీత చదివి, కంప్యూటర్ చెప్పిన డ్రాఫ్ట్‌తో పోల్చండి. తేడా వస్తే చీఫ్ ఆఫీసర్ లోడింగ్ ఆపి, చేత్తో లెక్క వేసుకోవాలి.

పెన్‌డ్రైవ్‌తో అంత ప్రమాదమా?

అన్నిటికన్నా ఎక్కువ. బ్రిడ్జి మీది ఎక్డిస్‌కు చాలా ఓడల్లో ఇంటర్నెట్ ఉండదు. చార్టుల అప్‌డేట్ వారం వారం వస్తుంది. సెకండ్ ఆఫీసర్ దాన్ని మెయిల్ కంప్యూటర్‌లో దించి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకుని పైకి ఎక్కుతాడు. అదే పెన్‌డ్రైవ్ నిన్న రాత్రి మెస్‌రూమ్ టీవీకి సినిమా చూపించి ఉంటుంది. రెండు ఎక్డిస్‌లున్నా దాన్నే రెండింటికీ గుచ్చుతాడు. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని పెట్టుకున్న రెండో యంత్రం కూడా అదే నిమిషంలో పోతుంది. కాగితం చార్టులే లేకుండా కట్టిన ఒక కొత్త బల్క్ ఓడ, ఎక్డిస్‌లో వైరస్ పడి కొన్ని రోజులు రేవు కదలలేకపోయిన సంగతి ఓడల యజమానుల సంఘం బిమ్కో మార్గదర్శకాల్లోనే ఉంది.

చేయాల్సింది ఇది. చార్టుల కోసం మాత్రమే రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకోండి. వాటికి ఎర్ర రంగు పూయండి, లేదా లావుపాటి ఎర్ర తాడు కట్టండి, జేబులో ఇమడకూడదు. బ్రిడ్జి మీద తాళం వేసిన డ్రాయర్లో ఉంచండి. అప్‌డేట్ ఎక్కించే ముందు, ఏ నెట్‌వర్క్‌కూ కలపని ఒక ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేయండి. ఆ ల్యాప్‌టాప్ యాంటీవైరస్ అప్‌డేట్ అయి వారం దాటితే ముందు అది చేయండి, పాత జాబితాతో స్కాన్ చేసి లాభం లేదు. తర్వాత ఒక ఎక్డిస్‌లో మాత్రమే ఎక్కించండి. ఒక వాచ్ గడవనివ్వండి, అంటే నాలుగు గంటలు. అంతా సవ్యంగా ఉంటే రెండోదాంట్లో పెట్టండి. ఈ నాలుగు గంటల ఓపిక పైసా ఖర్చు లేని రక్షణ, అయినా ఎక్కువ మంది చేయనిది ఇదే.

చార్టు ఫైళ్లకు డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం సరిపోలలేదని ఎక్డిస్ హెచ్చరిస్తే ‘ఓకే’ నొక్కి ముందుకు పోకండి, చార్టు సరఫరాదారుకు మెయిల్ పెట్టండి. సంతకం సరిగ్గా ఉన్నంత మాత్రాన పెన్‌డ్రైవ్ శుభ్రమని కూడా కాదు. అది చార్టుకు మాత్రమే పూచీ, పక్కన దాక్కున్న ఫైలుకు కాదు.

ఖాళీ యూఎస్‌బీ రంధ్రాలకు ప్లాస్టిక్ తాళాలు దొరుకుతాయి, వేయండి. ఫోన్ ఛార్జింగ్‌కు బ్రిడ్జి మీద విడిగా రెండు గోడ ప్లగ్గులు పెట్టించండి. అవి లేకపోతే మీరెన్ని రూల్సు రాసినా ఫోన్ ఎక్డిస్‌కే గుచ్చుతారు.

సర్వేయర్ వచ్చి “ఒక్క ప్రింటు తీసుకుంటా” అంటే కాదనగలమా?

మొహమాటపడే చోటు ఇదే. బంకరు సర్వేయర్, కార్గో సర్వేయర్, ఏజెంటు కుర్రాడు, అందరి చేతిలోనూ పెన్‌డ్రైవ్ ఉంటుంది. వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు, కానీ ఆ పెన్‌డ్రైవ్ పొద్దుటి నుంచి ఎన్ని ఓడలు ఎక్కి దిగిందో వాళ్లకే గుర్తుండదు. గ్యాంగ్‌వే దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్, యూఎస్‌బీ తీగతో కలిపిన ప్రింటర్ పెట్టండి, ఓడ నెట్‌వర్క్‌తో దానికి సంబంధం ఉండకూడదు. వచ్చినవాళ్ల ప్రింట్లన్నీ అక్కడే. “లేదు” అనడం కష్టం గానీ “ఇక్కడ తీసుకోండి సార్” అనడం తేలిక.

మంచి యాంటీవైరస్ కొంటే చాలదా?

చాలదు. ఎక్డిస్, ఇంజిన్ కంట్రోల్ లాంటివాటిని ఒక నిర్దిష్ట సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి ఆమోదిస్తారు. తయారీదారు ఒప్పుకోకుండా విండోస్ ప్యాచ్ గానీ యాంటీవైరస్ గానీ ఎక్కిస్తే ఆ ఆమోదానికే ఎసరు రావచ్చు, యంత్రం మధ్యలో బిగుసుకుపోనూ వచ్చు. అందుకే కాలం చెల్లిన విండోస్‌తో నడిచే బ్రిడ్జి యంత్రాలు ఇంకా కనిపిస్తాయి. వాటిని లోపల నుంచి బాగు చేయలేం కాబట్టి చుట్టూ గోడ కట్టాలి.

ఆ గోడ ఎలా ఉండాలి? మా ఓడలో వైఫై అందరికీ ఒకటే.

కనీసం మూడు గదులు: నావిగేషన్, ఇంజిన్ యంత్రాలు ఒకటి, ఆఫీసు కంప్యూటర్లు రెండు, సిబ్బంది వైఫై మూడు. మధ్యలో ఫైర్‌వాల్. దాని మొదటి రూలు ‘అన్నీ బంద్’ అయి ఉండాలి, తర్వాత అవసరమైన దారులు ఒక్కొక్కటే తెరవాలి. అన్నీ తెరిచిపెట్టి చెడ్డవి మూద్దామనుకుంటే ఆ జాబితాకు అంతుండదు.

పరీక్ష తేలిక. సిబ్బంది వైఫైకి కలిపిన ఫోన్‌లో ఉచితంగా దొరికే నెట్‌వర్క్ స్కానర్ యాప్ తెరవండి. అందులో బ్రిడ్జి ప్రింటరో, ఇంజిన్ రూమ్ కంప్యూటరో కనిపించిందంటే గోడ లేనట్టే. కెప్టెన్‌కు చెప్పి, రేవులో ఉన్నప్పుడే చేయండి. పాత కంట్రోల్ యంత్రాలు కొన్ని స్కాన్ తాకిడికే స్తంభించిపోతాయి.

గోడకు కన్నం ఎక్కువగా రెండు చోట్ల పడుతుంది. ఒకటి, రెండు నెట్‌వర్క్ కార్డులున్న కంప్యూటర్: ఇంజిన్ లెక్కలు ఆఫీసుకు పంపడానికి ఎవరో సౌకర్యంగా రెండు వైపులా తీగ కలిపి ఉంటారు. రెండు, ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్న సొంత డిష్. 2023లో అమెరికా యుద్ధనౌక యూఎస్ఎస్ మాంచెస్టర్ మీదే కొందరు సీనియర్ నావికులు రహస్యంగా స్టార్‌లింక్ బిగించుకుని వాడుకున్నారు. అంత కట్టుదిట్టమైన చోటే అలా జరిగితే మన బల్క్ ఓడ సంగతి చెప్పాలా! సిబ్బందికి సరిపడా డేటా కంపెనీయే ఇస్తే ఈ దొంగ డిష్‌ల బెడద చాలావరకు తగ్గుతుంది.

రిపేరుకు వచ్చిన టెక్నీషియన్ దూరం నుంచి లాగిన్ అడిగితే?

ఇవ్వండి, కానీ తలుపు తీసినంత సేపు పక్కన మనిషి ఉండాలి. పని ఏమిటో, ఎన్ని గంటలో ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఆ సమయానికే లైను తెరిచి, ఈటీఓ (ఓడ ఎలక్ట్రికల్ ఆఫీసర్) స్క్రీన్ ముందు కూర్చుని, పని అయ్యాక తీగ పీకేయాలి. ‘మళ్లీ అవసరం పడుతుందేమో’ అని వదిలేసిన లాగిన్‌లే నెలల తర్వాత దొంగలకు దొరుకుతాయి. ఇంకొకటి: వీశాట్ మోడెమ్, రౌటర్, సీసీటీవీ రికార్డర్ కొన్నప్పటి పాస్‌వర్డ్ మాన్యువల్‌లోనే అచ్చయి ఉంటుంది. దాన్ని మార్చారా లేదా ఈ రోజే చూడండి.

జీపీఎస్ తప్పు చూపిస్తే ఎలా తెలుస్తుంది?

జామింగ్ అంటే చెవిలో గోల పెట్టడం: సిగ్నల్ పోతుంది, అలారం మోగుతుంది, మీకు తెలుస్తుంది. స్పూఫింగ్ అంటే దొంగ గొంతుతో పిలవడం: అలారం ఉండదు, స్థానం మాత్రం తప్పు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో నొవొరొసీస్క్ దగ్గర ఇరవైకి పైగా ఓడలు ఎక్కడో ఒడ్డు మీది విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. అంత మోటుగా చేస్తే ఎవరైనా పట్టేస్తారు. మెల్లగా, నిమిషానికి కొన్ని మీటర్ల చొప్పున పక్కకు లాగితేనే కష్టం.

అనుమానించాల్సిన గుర్తులు: జీపీఎస్ చెప్పే వేగానికీ నీటి లాగ్ (నీటిలో ఓడ వేగం కొలిచే మీటర్) వేగానికీ ప్రవాహం లెక్క కట్టినా పొంతన లేకపోవడం, జీపీఎస్ గడియారం గెంతడం, రాడార్ చిత్రాన్ని చార్టు మీద పరిస్తే తీరరేఖ జరిగినట్టు కనిపించడం, ఏఐఎస్‌లో (ఓడలు తమ పేరు, స్థానం చెప్పుకునే రేడియోలో) చుట్టుపక్కల ఓడలన్నీ ఒకే చుక్క దగ్గర కుప్పపడడం, లోతు మీటర్ అంకె చార్టు లోతుతో సరిపోకపోవడం. రెండో జీపీఎస్ కూడా అదే చెబుతోంది కదా అని నమ్మకండి. రెండూ అదే ఆకాశం వింటున్నాయి, రెండూ అదే అబద్ధం వింటాయి.

అనుమానం రాగానే టైము లాగ్‌బుక్‌లో రాసి కెప్టెన్‌ను పిలవండి. ఎక్డిస్‌ను జీపీఎస్ నుంచి తప్పించి డెడ్ రెకనింగ్‌లో (దిశ, వేగం, సమయంతో స్థానం లెక్కగట్టే పద్ధతిలో) పెట్టండి, జైరో దిక్సూచి, నీటి లాగ్ దానికి ఆధారం. రాడార్ టార్గెట్ లెక్కలకు కూడా జీపీఎస్ వేగం కాకుండా నీటి లాగ్ వేగమే ఇవ్వండి. తర్వాత కంటితో, రాడార్‌తో స్థానం తీయండి. గోపాలపూర్ బయట లంగరు కోసం వస్తుంటే లైట్‌హౌస్ బేరింగ్ ఒకటి, రేవు బ్రేక్‌వాటర్ కొస రాడార్ దూరం ఒకటి, లోతు ఒకటి. మూడూ చార్టు మీద ఒకచోట కలవాలి. ఈ పని ఆరు నిమిషాలకోసారి చేస్తే లెక్క నోటితో అయిపోతుంది: ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు, కాబట్టి 12 నాట్ల ఓడ 1.2 సముద్రపు మైళ్లు జరిగి ఉండాలి. జరగకపోతే ఏదో అబద్ధమాడుతోంది.

జీపీఎస్ పోతే స్థానం ఒక్కటే పోదని గుర్తుంచుకోండి. ఏఐఎస్, ప్రమాద సంకేతం పంపే రేడియో, వీశాట్ డిష్ దిశ, వీడీఆర్ (ఓడ బ్లాక్‌బాక్స్) గడియారం అన్నీ దాన్నే తింటాయి. ప్రమాద సంకేతం పంపాల్సి వస్తే స్థానం, టైము చేత్తో కొట్టండి.

ఏఐఎస్‌లో కనిపించే ఓడ నిజంగా అక్కడ ఉన్నట్టేనా?

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఏఐఎస్ 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద బహిరంగంగా అరిచే రేడియో. ఆ అరుపు ఎవరిదో పరీక్షించే ఏర్పాటు దాంట్లో లేదు. ఢీకొనే ప్రమాదాన్ని రాడార్‌తో, కంటితో తేల్చుకోండి.

స్క్రీన్ మీద డబ్బు అడుగుతూ మెసేజ్ వచ్చింది. మొదటి గంటలో ఏం చేయాలి?

ముందు నెట్‌వర్క్ తీగ పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్‌ను మాత్రం ఆఫ్ చేయకండి, దాని మెమరీలో ఉండే ఆధారాలు కరెంటుతో పాటే పోతాయి. తీగ పీకే వీలు లేక, ఫైళ్ల పేర్లు కళ్లముందే మారిపోతుంటే అప్పుడు ప్లగ్గే పీకండి. ఆధారం కన్నా మిగిలిన ఫైళ్లు ముఖ్యం.

ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసుకోండి. బ్యాకప్ డిస్క్ తెచ్చి గుచ్చకండి. కంగారులో జరిగే పెద్ద తప్పు ఇదే, మిగిలిన ఒక్క కాపీ కూడా వాడికి అప్పజెప్పినట్టవుతుంది. ఓడ నడుస్తుంటే ఇంజిన్‌ను లోకల్ కంట్రోల్‌కు తెచ్చుకునే వీలుందా, ఎమర్జెన్సీ స్టీరింగ్ దగ్గర మనిషి ఉన్నాడా చూసుకోండి. వీడీఆర్ రికార్డు సేవ్ చేయండి, ఆగకపోతే అది పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. కంపెనీ డీపీఏకు (ఒడ్డున ఓడల భద్రత చూసే అధికారికి) శాటిలైట్ ఫోన్‌లో చెప్పండి, మెయిల్‌లో కాదు. మెయిల్ వాడు చదువుతూ ఉండొచ్చు. ఆ నంబరు కాగితం మీద బ్రిడ్జి గోడకు అంటించి ఉండాలి. దొంగకు జవాబివ్వడం, బేరమాడడం ఓడ మీది వాళ్ల పని కాదు.

బ్యాకప్ సంగతికొస్తే: మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి ఏ తీగకూ తగలకుండా బీరువాలో. ఎక్డిస్ సెట్టింగులు, లోడింగ్ కంప్యూటర్, మెయింటెనెన్స్ డేటాబేస్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంట్రోలర్ల) ప్రోగ్రాములు అన్నీ అందులో ఉండాలి. మూడు నెలలకోసారి ఒక విడి కంప్యూటర్‌లో నిజంగా వెనక్కి తెచ్చి చూడండి. మేర్స్క్‌కు ప్రపంచమంతా ఉన్న డొమైన్ కంట్రోలర్లలో (ఎవరు లాగిన్ కావచ్చో చూసే సర్వర్లలో) మిగిలింది ఘనాలో ఒక్కటే, దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండడం వల్ల. కరెంటు కోత మేలు చేసిన ఉదాహరణ మాకు తెలిసి ఇదొక్కటే.

రేవు గేటు కంప్యూటర్లు ఆగిపోతే లారీలన్నీ రోడ్డు మీదేనా?

ముందే సిద్ధంగా లేకపోతే అంతే. జపాన్‌లోని నగోయా రేవులో 2023 జూలై 4న రాన్సమ్‌వేర్ (ఫైళ్లు బిగించి డబ్బు అడిగే మాల్‌వేర్) పడితే కంటైనర్ల పని మళ్లీ మొదలైంది 6వ తేదీన.

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. జనరేటరు, కాగితం రిజిస్టరు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఇలాంటివన్నీ తుపాను ప్లానులో ఉండనే ఉంటాయి. దాన్ని తీసుకుని రెండు మార్పులు చేయండి. తుపాను నాలుగు రోజుల ముందే చెప్పి వస్తుంది, ఇది చెప్పదు. తుపానులో కరెంటు పోతుంది, ఇందులో కరెంటు ఉండి, అంకెలు కనిపిస్తూనే వాటిని నమ్మలేని స్థితి. కాబట్టి గేటు దగ్గర వరస నంబర్లతో అచ్చు వేయించిన గేటు పాసు పుస్తకాలు రెండు రోజులకు సరిపడా ఉంచండి. వేబ్రిడ్జి దగ్గర లోడ్‌సెల్ (బరువు కొలిచే సెన్సర్) డిస్‌ప్లే అంకెను విడిగా చదివి రిజిస్టర్‌లో రాయడం గుమస్తాలకు నేర్పండి. ఏ ప్లాటులో ఏ సరుకు ఎన్ని టన్నులుందో ప్రతి షిఫ్టు చివర ఒక కాగితం తీసి ఫైల్ చేయండి. దాడి జరిగాక ఆ జాబితా తీయలేరు.

ఏజెంటు ఆఫీసుకు ‘బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ వచ్చింది. నిజమని ఎలా తేల్చుకోవాలి?

ఓడల వ్యాపారంలో మామూలు దొంగతనం ఇదే, దీనికి హ్యాకింగ్ విద్య కూడా పెద్దగా అక్కర్లేదు. రేవు ఖర్చుల అంచనా బిల్లు వెళ్తుంది, మధ్యలో ఎవడో ఆ మెయిళ్లు చదువుతుంటాడు. సరిగ్గా డబ్బు పంపే రోజు కొత్త ఖాతా నంబరుతో ఉత్తరం వస్తుంది. చిరునామాలో ఇంగ్లీషు ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉంటాయి. ఫోన్‌ తెరమీద అవి ‘ఎమ్’ లాగే కనబడతాయి.

ఖాతా మార్పు ఏదైనా ఫోన్‌లో నిర్ధారించుకోండి, అదీ ఆ మెయిల్ కింద ఉన్న నంబరుకు కాదు, మీ పాత డైరీలోని నంబరుకు. అవతలి వాళ్ల గొంతు గుర్తుపట్టే మనిషే మాట్లాడాలి. మీ మెయిల్‌బాక్స్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ రూల్సు నెలకోసారి చూడండి. మీరు పెట్టని రూలు ‘ఇన్వాయిస్’ అనే మాట ఉన్న మెయిళ్లను బయటికి పంపుతుంటే దొంగ లోపలే ఉన్నాడన్నమాట. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. గంటలు గడిస్తే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

అంతర్జాతీయంగా ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి సముద్రయాన సంస్థ) 2017లో చేసిన ఎంఎస్‌సీ 428(98) తీర్మానం ప్రకారం సైబర్ ప్రమాదాలు కంపెనీ సేఫ్టీ మేనేజ్‌మెంట్‌లో భాగం కావాలి. 2021 జనవరి 1 తర్వాత వచ్చే మొదటి వార్షిక తనిఖీ నుంచే ఇది చూస్తారు. 2024 జూలై 1 నుంచి నిర్మాణ ఒప్పందం కుదిరిన కొత్త ఓడలకు ఐఏసీఎస్ (ఓడల ప్రమాణాలు పరీక్షించే సంస్థల సంఘం) ఈ26, ఈ27 నియమాలు వర్తిస్తాయి. ఈ26 ఓడ మొత్తానికి, ఈ27 విడి యంత్రాలకు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం దాడిని గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, కంప్యూటర్ లాగులు 180 రోజులు దాచాలి. చిన్న కంపెనీలు ఎక్కువగా దొరికిపోయేది ఈ లాగుల దగ్గరే: రౌటర్‌లో లాగు వారం కూడా నిలవదు, విడిగా ఒక డిస్క్‌లోకి పంపే ఏర్పాటు చేసుకోవాలి.

మా అబ్బాయికి ఓడ ఉద్యోగమని వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. నమ్మొచ్చా?

ఓడ సిబ్బందిని ఎక్కించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో మీరే వెతకండి, వాళ్లు పంపిన లింకు నొక్కి కాదు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు, అడిగితే అక్కడితో ఆపేయండి. పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) స్కాన్లు పంపక తప్పకపోతే, వాటి మీద అడ్డంగా ఏ కంపెనీకి, ఏ తేదీన ఇచ్చారో రాసి పంపండి.

చేపల బోటుకు కూడా ఇవన్నీ కావాలా?

అన్నీ అక్కర్లేదు. ఇస్రో పరిజ్ఞానంతో వచ్చిన ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం ద్వారా సంకేతాలు పంపే పరికరం), ఫోన్‌లో నభమిత్ర యాప్, చేతి జీపీఎస్, ఇంతే కదా ఉండేది. యాప్‌లను ప్లే స్టోర్ నుంచే దించండి, ఎవరో పంపిన ఏపీకే ఫైలుతో కాదు. ట్రాన్స్‌పాండర్‌ను జత చేసిన ఫోన్‌కు తాళం పెట్టండి. దొంగ ఆపద సంకేతం వెళ్తే వెతకడానికి నిజంగానే మనుషులు సముద్రంలోకి దిగుతారు. చేపలున్న చోట్ల జీపీఎస్ అంకెలు ఒక నోటు పుస్తకంలో కూడా రాసిపెట్టుకోండి. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంట్లో ఉంచండి, బోటులో కాదు.